డాక్టరు మాట, రోగి భాష: దల్లీ రాజహరా గనుల దగ్గర మొదలుపెట్టి చదవాల్సిన చరిత్ర

ఆస్పత్రిలో రోగితో డాక్టరు ఎలా మాట్లాడాలి అన్న అంశం మీద ఎస్సే రాయమంటే మీలో చాలామంది నేరుగా జీఎస్-4 నోట్సులోకి వెళ్ళిపోతారు. సహానుభూతి, కరుణ, భావోద్వేగ ప్రజ్ఞ అని మూడు మాటలు రాసి, హిపోక్రటీస్ ప్రమాణం ఒకటి తగిలించి, మంచి మాటే సగం మందు అని ముగిస్తారు. తప్పేమీ లేదు. కానీ ఎగ్జామినర్ ఆ రోజు దిద్దే పేపర్లన్నీ అలాగే ఉంటాయి.

ఈసారి దీన్ని చరిత్రగా చదవండి. డాక్టరు రోగికి చెప్పాలా వద్దా, చెబితే ఎంత చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్న మూడు ప్రశ్నలకు కాలాన్ని బట్టి జవాబులు మారుతూ వచ్చాయి. ఆ మార్పుల్లో కొన్ని కాలేజీల్లో వచ్చాయి, కొన్ని కోర్టుల్లో వచ్చాయి. ఒకటి మాత్రం ఇనుప ఖనిజం తవ్వే కూలీల బస్తీలో వచ్చింది. నేను ఇది రాస్తున్న భిలాయ్ రుఆబాంధా సెక్టార్ నుంచి ఆ బస్తీ సుమారు 90 కిలోమీటర్లు.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను, ఎందుకంటే ఈ అంశం నాకు అక్కడే పట్టుకుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పలాస దగ్గర ఊరి నుంచి మా నానమ్మ వచ్చింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. నాన్న షిఫ్టులో ఉన్నాడని ఆస్పత్రికి నేను తోడు వెళ్ళాను. ఏ ఆస్పత్రో ఇక్కడ అనవసరం. డాక్టరుకు తెలుగు రాదు, నానమ్మకు హిందీ రాదు. మధ్యలో నేను. ఆవిడ "ఆయాసంరా బాబూ" అంటే నేను "థక్ జాతీ హై" అన్నాను. అలసిపోతోంది అని. ఆయాసానికి సరైన హిందీ మాట ఆ వయసులో నాకు తోచలేదు. డాక్టరు బలానికి మాత్రలు రాశాడు. పది రోజుల తర్వాత పరిస్థితి ముదిరి ఇంకోచోటికి తీసుకెళితే, అక్కడి డాక్టరు వార్డులో పనిచేసే ఒక తెలుగు ఆయాను పిలిచి ఒకటే అడిగించాడు: రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటోంది? మూడు. పడుకుంటే ఊపిరాడక కూర్చుని తెల్లవారుస్తోంది. గుండె బలహీనపడితే అడిగే ప్రశ్న అదే.

మొదటి డాక్టరు చెడ్డవాడు కాదు. విసుక్కోలేదు కూడా. వెనక ఇంకో యాభై మంది లైన్లో ఉన్నారు. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో 67 దేశాల లెక్కలతో ఒక సమీక్ష వచ్చింది. ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో సగటున 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో రెండు నిమిషాల ప్రాంతం. రెండు నిమిషాల్లో పదమూడేళ్ళ దుబాసీని దాటుకుని గుండె జబ్బును పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. కాబట్టి ఇది ఒక మనిషి మర్యాదకు సంబంధించిన విషయం అనుకుని ఆగిపోతే చరిత్ర కనబడదు.

ఇప్పుడు పాతకాలానికి వెళదాం. చరక సంహిత వైద్యానికి నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండాల్సిన నాలుగు గుణాల్లో జ్ఞాపకశక్తి ఒకటి, చెప్పినట్టు వినడం ఒకటి, భయపడకపోవడం ఒకటి. నాలుగోది తన బాధను వివరించి చెప్పగలగడం. చూశారా, చెప్పే బాధ్యత రోగి మీద పెట్టారు. మరి వైద్యుడు రోగికి ఏం చెప్పాలి? విమానస్థానంలో శిష్యుడికి గురువు చేసే బోధలో, రోగి ఆయువు తీరిందని తెలిసినా, ఆ మాట రోగికో ఇంట్లోవాళ్ళకో దెబ్బ అయ్యేచోట చెప్పవద్దని ఉంది. గ్రీకుల హిపోక్రటిక్ గ్రంథాల్లో ‘డెకోరమ్’ అనే భాగం ఇంకో అడుగు ముందుకేసి, చికిత్స చేస్తున్నప్పుడు చాలా విషయాలు రోగికి తెలియకుండా దాచమంటుంది. రెండుచోట్లా ఉద్దేశం దయే. రెండుచోట్లా నిర్ణయం మాత్రం వైద్యుడి చేతిలోనే ఉంది. దీన్నే మీ నోట్సులో పితృస్వామ్య ధోరణి అని కాకుండా ‘పెద్దరికపు ధోరణి’ అని రాసుకోండి, ఇంగ్లీషులో పెటర్నలిజం అంటారు. రెండూ వేరు, పరీక్షలో కలిపేస్తుంటారు.

ఈ పెద్దరికం ప్రాచీనకాలంతో పోలేదు. 1961లో అమెరికాలో డోనాల్డ్ ఓకెన్ ఒక సర్వే చేస్తే, క్యాన్సర్ వచ్చిందని రోగికి చెప్పకపోవడమే మేలు అన్న డాక్టర్లు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది. 1979లో అదే ప్రశ్న మళ్ళీ వేస్తే నూటికి 97, 98 మంది చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్ళలో వైద్య నీతి తలకిందులైంది. మధ్యలో ఏం జరిగింది? పౌరహక్కుల ఉద్యమం, మహిళా ఉద్యమం, కోర్టు తీర్పులు, క్యాన్సర్‌కు కొత్త చికిత్సలు. డాక్టర్ల మనసు తనంతట తాను మారిందనుకుంటే పొరపాటు. అయితే 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు డాక్టర్ల గదుల్లో సంభాషణలు రికార్డు చేసి చూస్తే, రోగి మొదలుపెట్టిన మాటకు సగటున 18 సెకన్లకే అడ్డు పడుతోందని తేలింది. చెప్పడం నేర్చుకున్నారు గానీ వినడం ఇంకా నేర్వలేదన్నమాట.

ఇక మన తెలుగు నేల మీద వినడం నేర్చినవాళ్ళలో ఒకరిని గుర్తుపెట్టుకోండి. అన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరు 1883లో గుంటూరు వచ్చింది. పరాయి మగాడైన డాక్టరు ముందు ఆడవాళ్ళు నోరు విప్పని కాలం, నాడి కూడా చూపించని ఇళ్ళు. ఆమె తెలుగు నేర్చుకుంది, ఇళ్ళలోకి వెళ్ళింది, 1898లో గుంటూరులో ఆస్పత్రి తెరిచింది. మతప్రచారం ఆ పనిలో భాగమే, దాన్ని దాచక్కర్లేదు. కానీ రోగి భాష నేర్చుకున్నాకే వైద్యం మొదలవుతుందన్న ఎరుక ఆ తరం మిషన్ డాక్టర్లకు ఉంది. తర్వాత వచ్చిన పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో ఆ ఎరుక తగ్గింది.

భిలాయ్ అలాంటి పెద్ద నిర్మాణాల కాలానికి చెందిన ఊరు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్ళూ రైలెక్కారు. సెక్టార్లు, బడులు, సెక్టార్ 9లో పెద్దాస్పత్రి. ప్లాంటు ఉద్యోగికి వైద్యం సంస్థ బాధ్యత. నెహ్రూ కాలపు ప్రభుత్వరంగం ఇవ్వగలిగినవాటిలో ఇది మంచి భాగం, మా ఇంట్లో ఎవరూ కాదనరు.

కానీ ఆ ఫర్నేస్‌కు ఖనిజం ఎక్కడి నుంచి వస్తోంది? దల్లీ రాజహరా గనుల నుంచి. అప్పట్లో దుర్గ్ జిల్లా, 2012 నుంచి బాలోద్ జిల్లా. అక్కడ ఎర్రమట్టిలో చేత్తో ఖనిజం తవ్వి లారీలకెత్తేవాళ్ళలో ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలు, ఛత్తీస్‌గఢీ మాట్లాడే పల్లెజనం, సగానికి సగం ఆడవాళ్ళున్న జట్లు. పర్మినెంటు ఉద్యోగికి ఉన్న సదుపాయాలు వాళ్ళకు లేవు. 1977లో వీళ్ళు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ పెట్టుకున్నారు. ఆ ఏడాదే జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. ఎమర్జెన్సీ పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన కొన్ని నెలలకే జరిగిందిది. జీఎస్-1లో స్వాతంత్ర్యానంతర భారతం చదివేటప్పుడు ఈ తేదీ ఎవరూ చెప్పరు.

1979లో సంఘం ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక చనిపోయింది. వేల మంది కూలీలు గుమిగూడారు. అలాంటి సందర్భంలో మనకు అలవాటైన దృశ్యం మీకు తెలుసు: అద్దాలు పగలడం, డాక్టరు మీద చెయ్యి చేసుకోవడం, మర్నాడు డాక్టర్ల సమ్మె. ఇక్కడ అది జరగలేదు. మన ఆస్పత్రి మనమే కట్టుకుందాం, ఇంకో తల్లి ఇలా పోకూడదు అని నిర్ణయించుకున్నారు. ఈ కథనం మనకు సంఘం వైపు నుంచి, అక్కడ తర్వాత పనిచేసిన డాక్టర్ల రాతల నుంచి వచ్చిందని గుర్తుంచుకోండి. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళ మాట అందులో లేదు. చరిత్ర విద్యార్థిగా ఆ జాగ్రత్త అవసరం. అయినా నిర్ణయం, దాని ఫలితం మాత్రం కళ్ళముందున్నాయి.

1981 ప్రాంతంలో బినాయక్ సేన్, ఆశిష్ కుందు, ఆ వెనక శైబల్ జానా వంటి యువ డాక్టర్లు వచ్చి చేరారు. బినాయక్ సేన్ పేరు మీకు రాజద్రోహం కేసు వల్ల, 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన బెయిలు వల్ల తెలిసి ఉంటుంది. దానికి పాతికేళ్ళ ముందు ఆయన ఇక్కడ పిల్లల డాక్టరు. 1982 జనవరి 26న సంఘం గ్యారేజీలో చిన్న డిస్పెన్సరీ మొదలైంది. 1983 జూన్ 3న, కాల్పుల్లో చనిపోయినవాళ్ళ వర్ధంతి రోజున, 15 పడకలతో షహీద్ ఆస్పత్రి తెరుచుకుంది. కూలీల చందాలు, కూలీల శ్రమదానం. ప్రారంభించింది మంత్రి కాదు, ఒక ముసలి గని కార్మికుడు, పక్క ఊరి ముసలి రైతు.

మన అంశానికి అసలు సంగతి ఇక్కడుంది. ఆ ఆస్పత్రిలో ఆరోగ్య కార్యకర్తలు, నర్సులుగా శిక్షణ పొందినవాళ్ళు గని కార్మికులు, వాళ్ళ ఇళ్ళలోని పిల్లలు. అంటే రోగి ఛత్తీస్‌గఢీలో "జీవ్ ఘబరాథే" అంటే దాన్ని ఇంకొకరు హిందీలోకి మార్చాల్సిన పని లేదు, విన్నవాళ్ళకు అది సొంత మాట. డాక్టర్లు బయటివాళ్ళు, ఎక్కువమంది బెంగాలీలు. నేర్చుకోవాల్సింది వాళ్ళే. విరేచనాలు పట్టుకుంటే సెలైన్ బాటిల్ ఎక్కించమని జనం అడిగేవాళ్ళు, బాటిల్ ఎక్కిస్తేనే వైద్యం అని నమ్మకం. ఇప్పటికీ మన పల్లెల్లో ఆర్ఎంపీ దగ్గర ఇదే కదా. ఎక్కించేస్తే ఇద్దరికీ సుఖం. అలా కాకుండా ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు ఇంట్లోనే ఎలా కలపాలో, అది ఎందుకు పనిచేస్తుందో కూర్చోబెట్టి చెప్పారు. అనవసరపు ఇంజెక్షన్లు, టానిక్కుల మీద పోస్టర్లు పెట్టారు, తేలిక హిందీలో చిన్న పుస్తకాలు వేశారు. రోగి అడిగింది ఇవ్వకపోవడానికి కారణం చెప్పాలంటే చాలా ఓపిక, చాలా మాట కావాలి. మందు రాయడం కంటే అది ఎక్కువ సమయం తీసుకునే పని.

ఇంకో సూక్ష్మం ఉంది. ఆ ఆస్పత్రి యజమాని రోగే. చందా కట్టినవాడు వార్డులో పడుకున్నాడు. నేను ఎందుకు చెప్పాలి అని డాక్టరు అనలేడు, నేను అడగొచ్చా అని రోగి జంకడు. మాట తీరు మారడానికి శిక్షణ కంటే ముందు ఈ సంబంధం మారిందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు. సంఘం బలంగా ఉన్నచోట సాధ్యమైంది, అందరికీ ఎలా వర్తిస్తుంది అని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. 1991 సెప్టెంబర్ 28న నియోగిని భిలాయ్‌లో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆస్పత్రి మాత్రం ఆగలేదు.

సంఘం లేనిచోట ఏమిటి? అక్కడ కోర్టు ఎక్కాల్సి వచ్చింది. ఈ తీర్పులు మీకు తెలిసినవే కాబట్టి గబగబా చెబుతాను. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. రోగి నోట్లో ఒక ఆయుధం పడింది గానీ, డాక్టరుకు మాట కంటే కాగితం ముఖ్యమైంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, ప్రయోజనం, ముఖ్యమైన ప్రమాదాలు, వేరే మార్గాలు చెప్పి తీసుకున్నదే సమ్మతి అంది. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు సరిపోదని తేల్చింది.

కాగితం మాటను మింగేస్తే ఏమవుతుందో మన ఖమ్మం జిల్లా చూపించింది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఆ జిల్లాలో పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్‌లు కలిసి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు చేపట్టాయి. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, అది మీరు తప్పక రాయాలి, లేదంటే టీకా వ్యతిరేక ప్రచారం అవుతుంది. కానీ సమ్మతి సంగతి వేరు. 2013 ఆగస్టు నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం 72వ నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 ఫారాల మీద సంతకం హాస్టల్ వార్డెన్‌ది. అమ్మానాన్నలకు ఏ భాషలో ఎవరు ఏం చెప్పారు అన్న ప్రశ్నకు జవాబు ఆ ఫారాల్లో లేదు. సంతకం మాత్రం ఉంది.

ఐదేళ్ళు తిరగకుండా మా రాష్ట్రం వంతు వచ్చింది. 2014 నవంబర్ 8న బిలాస్‌పూర్ జిల్లా పెండారీలో కుటుంబ నియంత్రణ శిబిరం. కొన్ని గంటల్లో 83 మంది మహిళలకు ఒకే సర్జన్ ఆపరేషన్లు చేశాడు. ఆ శిబిరం, రెండు రోజుల తేడాతో ఆ జిల్లాలోనే జరిగిన మిగతావి కలిపి కనీసం 13 మంది చనిపోయారు. మందుల్లో కల్తీనా, పరికరాల శుభ్రతా అని చాలాకాలం వాదన నడిచింది. నన్ను ఆపేది మాత్రం 83 అన్న అంకె. ఒక్కొక్కరికి మిగిలే నిమిషాలు లెక్కేసి చూడండి. అందులో మాట్లాడటానికి ఎంత మిగులుతుంది?

బీహార్ శిబిరాల మీద అంతకుముందే వేసిన దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబర్ 14న తీర్పు వచ్చింది. శిబిరాల పద్ధతిని మూడేళ్ళలో మానుకోమన్నదని అందరూ రాస్తారు. మీరు ఇంకో వాక్యం చేర్చండి. ఆపరేషన్ సంగతులు ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించాలి, సంతకం పెట్టే ముందు ఆలోచించుకోవడానికి సుమారు గంటసేపు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి అని కోర్టు చెప్పింది. ఒక గంట! మన ఆస్పత్రుల చరిత్రలో రోగి మౌనానికి కూడా సమయం కేటాయించిన ఆదేశం నాకు ఇదొక్కటే కనబడింది.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చిన జవాబుల్లో ఒకటి ఇక్కడిదే. 2002లో ఛత్తీస్‌గఢ్ మితానిన్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢీలో మితానిన్ అంటే మామూలు స్నేహితురాలు కాదు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో నేస్తరికం కట్టుకున్నట్టు, వేడుకగా కట్టుకునే జీవితకాలపు చెలిమి. ప్రతి పారాకు, అంటే పేటకు, ఆ పేటవాళ్ళే ఎంచుకున్న ఒక స్త్రీ. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య మాట చేరవేసే మనిషి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ తెచ్చిన ఆశా కార్యకర్తకు ఇది ముందు రూపం. పేరు పెట్టినవాళ్ళకు విషయం అర్థమైందనిపిస్తుంది. ఆశా అన్న పేరులో ఆ చెలిమి పోయి, కార్యకర్త మిగిలింది.

డాక్టర్ల చదువు చివరికి కదిలింది. మెడికల్ కౌన్సిల్ 2018లో ఏట్‌కామ్ అనే పాఠ్యాంశం ప్రకటించింది: వైఖరి, నీతి, సంభాషణ. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో తప్పనిసరి. ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష కూడా ఉంది. నీట్‌తో దేశమంతా సీట్లు కలిసిపోయిన కాలంలో, తెలుగు పిల్లలు రాయ్‌పూర్‌లో, హిందీ పిల్లలు వైజాగ్‌లో చదువుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. దాన్ని ఎన్ని గంటలు నిజంగా చెబుతున్నారో మీ స్నేహితుల్లో ఎంబీబీఎస్ చదివేవాళ్ళను అడగండి. ఆ జవాబు మీ ఎస్సేకు ఏ కమిటీ నివేదిక కంటే బాగా పనికొస్తుంది.

సొంత అనుభవం ఎస్సేలో రాయొచ్చా అని తరచూ అడుగుతారు. రాయొచ్చు, నాలుగు లైన్లు దాటకుండా, ఏడుపు లేకుండా. నేనైతే పైన చెప్పిన కథలో రెండో సగం రాస్తాను. దిండ్ల లెక్క తేలాక ఆ డాక్టరు ఓపీ చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో గుండె బొమ్మ గీశాడు, హిందీలో ఏదో చెప్పాడు. ఆయా దాన్ని నానమ్మకు తన శ్రీకాకుళం మాటలో చెప్పింది: "మీ బోరింగు వాషరు అరిగిపోయిందమ్మా, కొట్టినంత నీళ్ళు రావట్లేదు, ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలిచిపోద్ది." నానమ్మ ఆ చీటీ చాలాకాలం దాచుకుంది. ఇంటికొచ్చిన రోజు రాత్రి అమ్మ అన్నం వడ్డిస్తుంటే, ఎవరూ చెప్పకుండానే, ఆవకాయ గిన్నె తనే పక్కకు జరిపేసింది.